ఏడు రోజుల నక్షత్రం

సాదాత్ స్టేషన్‌లో మెట్రో రైలు ఆడవాళ్ళ పెట్టె తలుపులు మూసుకునేసరికి సుహైర్‌కి కూర్చోవడానికి చోటు దొరికింది, అదీ కిటికీ పక్కన. నాన్న ఉండే హెల్వాన్ చేరడానికి ముప్పావు గంట పడుతుంది. ఒళ్ళో సంచీ, సంచీలో పదహారు కాగితాలు. పదహారు కాగితాలకి ఎంత బరువుంటుంది, కానీ తొడల మీద ఇటుకలు పేర్చుకున్నట్టుంది. ఈ ముప్పావు గంటలో తేల్చుకోవాలి, నాన్నకి ఆయన నక్షత్రం లేదని చెప్పాలా, చెప్పకుండా ఊరుకోవాలా. ఊరుకుంటే ఆదివారం సన్మానసభలో ఆయన లేచి నిలబడతాడు, ఎనభై మూడేళ్ళ గొంతు సవరించుకుని తన ఏడు రోజుల నక్షత్రం గురించి చెబుతాడు. అప్పటికి సుహైర్ దగ్గర పరిశోధన చేసే నెస్మా రాసిన ఈ పదహారు కాగితాల వ్యాసం అందరి చేతుల్లో ఉంటుంది, మూడో వరసలోనో నాలుగో వరసలోనో కూర్చున్న ఎవరో కుర్రవాడు మర్యాదగానే చెయ్యెత్తి ఒక ప్రశ్న అడుగుతాడు. నాన్న నక్షత్రం ఉదాహరణ ఒక్కటీ తీసెయ్యి తల్లీ అంటే నెస్మా తీసేస్తుంది, ఎందుకని కూడా అడగదు. కానీ నాలుగేళ్ళుగా ఆ పిల్ల చేసిన పనికి వెన్నెముక అదే. పైగా నాన్న కొలతలు రాసుకున్న ఆ పాత పుస్తకాలు తెచ్చి ఇచ్చింది సుహైరే, నాన్నే పంపించాడు, వాటిని పాత గుడ్డలో చుట్టి తాడు కట్టి, మీ కొత్త పద్ధతులతో కూడా నా నక్షత్రాన్ని చూడండి, అది తట్టుకుంటుంది అని నవ్వుతూ.

రైలు నేలకిందినుంచి పైకొచ్చింది, వెలుగు ఒక్కసారిగా మొహాన కొట్టింది. నెస్మా చేసే పని పద్ధతుల్ని పోల్చడం. ఏదైనా ఒక నక్షత్రం వెలుగు హెచ్చుతూ తగ్గుతూ ఉంటే అది లెక్కప్రకారం తిరిగి వస్తోందా, ఊరికే తన ఇష్టం వచ్చినట్టు ఊగుతోందా అని కనిపెట్టడానికి చాలా దారులున్నాయి. ఏ దారి ఎక్కడ మోసపోతుందో చూడాలి. నెస్మా వాటికి వంటింటి పేర్లు పెట్టుకుంది, పెద్ద పేర్లకి తనకి నోరు తిరగదని. మొదటిది మూతల పద్ధతి, చిన్నదీ పెద్దదీ అన్ని కొలతల అలల్నీ తెచ్చి గిన్నె మీద మూత పెట్టి చూసినట్టు ఒక్కొక్కటే పెట్టి చూడటం, ఏది సరిగ్గా కూర్చుంటే అదే కాలం. రెండోది మడతల పద్ధతి, ఏళ్ళ తరబడి సాగిన కొలతల్ని పొడుగాటి దుప్పటిలా పట్టుకుని ఒకే వెడల్పున మడతమీద మడత వేసుకుంటూ పోవడం, పూలమీద పూలు పడితే ఆ వెడల్పు నిజం. మూడోది దారం పద్ధతి, మడత పెట్టాక చుక్కల్లోంచి దారం ఎక్కించుకుంటూ పోతే ఏ మడతకి దారం తక్కువ పడుతుందో చూడటం. నాలుగోది కిటికీ పద్ధతి, మొత్తాన్నీ ఒకేసారి చూడకుండా చిన్న కిటికీని పక్కకి జరుపుకుంటూ ఇక్కడ ఉందా, ఇక్కడ ఉందా అని వెతకడం. మూతల పద్ధతికి ప్రతిధ్వనులు వినిపిస్తాయి, ఏడు ఉన్నచోట మూడున్నర కూడా ఉందంటుంది. దారానికి ఓపిక తక్కువ, నాలుగు చుక్కలు తప్పుంటే అలిగి కూర్చుంటుంది. ఇవన్నీ అయ్యాక చివర్లో కలిపే పరీక్ష, కొలతలన్నిటినీ పేకముక్కల్లా కలిపేసి, పదివేల సార్లు కలిపి, ఇది కాకతాళీయంగా వచ్చిందా అని అడగడం. నాన్న నక్షత్రానికి పదివేల సార్లలో ఒక్కసారి కూడా కాకతాళీయంగా రాలేదు. ఉంది. నిజంగానే ఉంది. తిరిగి తిరిగి వస్తోందా అని అన్నీ అడుగుతాయి, వస్తున్నది ఎవరు అని ఏదీ అడగదు.

"ఇదిగో అమ్మాయ్, ఈ గిన్నె కాస్త పట్టుకో, నీకు పుణ్యముంటుంది." పక్కావిడ సుహైర్ సంచీ మీదే గిన్నె పెట్టేసింది. ఒళ్ళో తువ్వాలు పరుచుకుని చిన్న సొరకాయల్లాంటి కూసాకాయల్ని ఒక్కొక్కటే తీసి పొడుగాటి చాకుతో లోపలి గుజ్జు తొలుస్తోంది. ఆఫీసునుంచి ఇంటికి వెళ్ళేలోపు అన్నం కూరడానికి కాయలు సిద్ధమైపోవాలి, వెళ్ళగానే పొయ్యి మీదకెక్కాలి. "ఏం పని చేస్తావమ్మా నువ్వు?"

"నక్షత్రాల లెక్కలు చూస్తానండీ."

"అయితే మా చిన్నదానికి సంబంధం ఎప్పుడు కుదురుతుందో చూసి చెప్పు. మీనరాశి."

ఎదుటి సీటావిడ పగలబడి నవ్వింది. ఇద్దరూ రోజూ ఒకే రైలు లాగుంది. "దానికి నక్షత్రాలెందుకే, నువ్వు నోరు మూసుకుంటే కుదురుతుంది. వచ్చిన ప్రతి పిల్లవాడి తల్లినీ నువ్వే తరిమికొడితివి!"

"తరమనా? ఒకామె వచ్చీ రాగానే నా ఫ్రిజ్ తలుపు తీసి చూసింది!"

సుహైర్ కూడా నవ్వింది, నవ్వు ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియదు. అమ్మ కూడా ఇలాగే నవ్వించేది, మూడు దిళ్ళకి ఆనుకుని, ఊపిరి అందకపోయినా. ఇన్సాఫ్ ఆమె పేరు. చిన్నప్పుడు వచ్చిన జ్వరం గుండె కవాటాన్ని తినేసింది. ఆ ఆఖరి రెండేళ్ళూ ఆమె పడుకోలేదు, పడుకుంటే నీళ్ళలో మునిగినట్టుండేదట, కూర్చునే నిద్రపోయేది, కూర్చునే మేలుకునేది. నాన్న ఎడారి కొండ మీది వేధశాలలో. పెట్టె మంచం, గుమ్మటం, చీకటి. గురువారం మధ్యాహ్నం కొండ దిగే బస్సు ఎక్కి ఇంటికొచ్చేవాడు, శుక్రవారం ప్రార్థన అయ్యాక మళ్ళీ ఎక్కేవాడు. గురువారం సాయంత్రం మెట్ల మీద ఆయన అడుగులు, జామకాయల వాసన, అమ్మ గబగబా జుట్టు సరిచేసుకోవడం. ఆ రాత్రి ఇద్దరూ నిద్రపోయేవాళ్ళు కాదు, ఒకరికి పడుకోవడం చేతకాదు, ఒకరికి రాత్రి నిద్రపోయే అలవాటు పోయింది. గోడ అవతల తను వింటూ ఉండేది. ఏమంటోంది నీ రెండో పెళ్ళాం, అని అమ్మ అడిగేది. అలిగింది, అనేవాడు నాన్న, నేను నీ దగ్గరికి వచ్చిన రాత్రే అది వెలుగుతోంది, నేను వెళ్ళేసరికి మామూలైపోతోంది. సవతి కదా మరి, అనేది అమ్మ. ఇద్దరూ నవ్వుకునేవాళ్ళు, ఆ నవ్వు మధ్యలో అమ్మ దగ్గు. ఎవరూ ఆ మాట దగ్గర ఒక్క క్షణం ఆగలేదే. నేను లేని రాత్రే వెలుగుతోంది. అంత నవ్వు నవ్వకపోయి ఉంటే ఆగేవాళ్ళేమో.

సుహైర్ అంటే రాత్రి కునుకు పట్టకపోవడం. పేరు పెట్టింది నాన్నే, మగపిల్లవాడికి పెట్టుకోవలసిన పేరు కాదు, ఆడపిల్లకి అంతకంటే కాదు అని నఫూసా పెద్దమ్మ సణిగిందట. పెద్దమ్మ అమ్మకి అక్క, అమ్మ పోయాక తనని పెంచింది ఆమే, పై అంతస్తులో. ఆమెకి నాన్న మీద కోపం ఒక్కటే, ఎన్నేళ్ళయినా చల్లారనిది. "ఆ గురువారం ఎందుకు రాలేదో అడుగు మీ నాన్నని. రెండేళ్ళు వచ్చినవాడు ఆ ఒక్క గురువారం ఎందుకు రాలేదో." పప్పు ఏరుతూ అనేది, దుప్పట్లు దులుపుతూ అనేది, నాన్న ఎదురుగా కూర్చుని అన్నం తింటుంటే గోడతో చెబుతున్నట్టు అనేది. ఆయన తలెత్తేవాడు కాదు. ఆ గురువారం తర్వాత శనివారం తెల్లవారుజామున అమ్మ పోయింది, ఆయన చేరేసరికి అమ్మకి ఆఖరి స్నానం చేయించడం కూడా అయిపోయింది.

మార్ గిర్గిస్ దాటింది, అజ్-జహ్రా దాటింది. జడపిన్నులమ్మే అమ్మాయి వచ్చి, అందరి ఒళ్ళోనూ ఒక్కో అట్ట పడేసి, చివరిదాకా వెళ్ళి మళ్ళీ ఏరుకుంటూ వచ్చింది. అమ్మ పోయినప్పుడు ఓదార్పులకి వచ్చినవాళ్ళంతా వెళ్ళిపోయిన మూడోరోజు సాయంత్రం నాన్న తనని బాల్కనీలోకి తీసుకెళ్ళాడు. తనకి ఎనిమిదేళ్ళు. ఉత్తరం వైపు చూపించాడు, ఆ చోట ఏమీ కనిపించలేదు, అంత చిన్న నక్షత్రం కళ్ళకి అందదు. ధ్రువం పక్కనే ఉంటుందట, ఏడాదంతా అస్తమించదట. అది ఆగిపోయిందమ్మా, అన్నాడు. ఆ వారమే. అమ్మ పోయిన వారమే ఆగిపోయింది, ఇంక వెలగదు. అంత పెద్ద ఆకాశానికి అమ్మ సంగతి తెలిసిందన్నమాట, అనుకుంది తను. ఆ మాటతోనే పెరిగింది, ఆ మాటతోనే లెక్కలు చదివింది, వద్దని పెద్దమ్మ మొత్తుకున్నా ఈ కొలువులో చేరింది. నాన్న తన వ్యాసంలో అమ్మ పేరు రాయలేదు, రాయడానికి అదేమీ ఉత్తరం కాదు. ఏడు రోజులకి పావుగంట తక్కువలో ఒకసారి వెలిగి తగ్గే ఒక నక్షత్రం, రెండేళ్ళపాటు క్రమం తప్పకుండా వెలిగి, ఫలానా సంఖ్య గల రోజున హఠాత్తుగా నిలిచిపోయింది, కారణం తెలియదు, అని రాశాడు. ఆ నిలిచిపోవడం వల్లే దానికి పేరొచ్చింది. దూరదేశాలనుంచి ఉత్తరాలు వచ్చాయి, రెండు పెద్ద పుస్తకాల్లో ఒక్కో వాక్యం చోటు దొరికింది. ఆదివారం సన్మానం కూడా ఆ వాక్యానికే.

"మేడమ్, సరిగ్గా ఏడు," అంది నెస్మా నెల కిందట, తలుపు కొట్టడం కూడా మరిచిపోయి. "మీ నాన్నగారు అన్నట్టు పావుగంట తక్కువ కాదు. ఏడు, పక్కన సున్నా, సున్నా, సున్నా. మూతలు అదే చెప్తున్నాయి, మడతలు అదే, దారం కూడా ఈసారి అలగలేదు." తర్వాత గొంతు తగ్గించి, "కానీ మేడమ్, ఇంత గుండ్రటి అంకె ఆకాశంలో ఉంటుందా?" ఉండదు. భూమి తిరిగే లెక్కతో ఆ నక్షత్రానికేం పని. గుండ్రటి అంకె కనిపిస్తే ఈ పనిలో ఉన్నవాళ్ళు మొదట తమ చేతులు చూసుకోవాలి. "ఇంకోటి మేడమ్, మడిచి చూస్తే అలలా లేదు. ఆరు రోజులు పలకలా చదును, ఏడో రోజు ఒక్క గడ్డ. కిటికీ పెట్టి చూస్తే 44,662న ఉంది, 44,669న లేదు. నక్షత్రం ఇలా దీపం ఆర్పినట్టు ఆగుతుందా?"

ఆకాశం కొలిచేవాళ్ళ లెక్కలో రోజులకి పేర్లుండవు. వారాలూ నెలలూ ఉండవు. ఎప్పుడో వేల ఏళ్ళ కిందట మొదలుపెట్టిన ఒకే వరస, ఈ రోజు ఇన్నో రోజు, అంతే. అంకె పొడుగ్గా ఉంటుందని చివరి అయిదూ మాత్రమే రాసుకుంటారు. నలభై నాలుగు వేల ఆరువందల అరవై తొమ్మిది. దానికి సోమవారం లేదు, పండగ లేదు, ఎవరూ పుట్టలేదు, పోలేదు. నాన్న వందలకొద్దీ అంకెలు అలా రాసుకుపోయాడు, తనూ నెస్మా వాటిని అలాగే యంత్రంలోకి ఎక్కించారు. రోజు పేరు తీసేసి అంకె తగిలించుకున్నవాళ్ళకే పట్టే గుడ్డితనం ఇది. ఈ కూసాకాయలావిడ అయితే మొదటిరోజే పట్టుకునేది, అదేంటయ్యా, నీ నక్షత్రం వారానికోసారి పెట్టే సంతలా ఉందే అని. ఆ సాయంత్రం తను వంటింట్లో, పొయ్యి మీద పప్పు పొంగుతుంటే, కరెంటు బిల్లు వెనక పెన్సిల్‌తో ఆ అంకెని మామూలు తేదీ చేసింది. మార్చి అయిదు, 1981. కూడికలో తప్పుందేమోనని మళ్ళీ చేసింది. పప్పు పొంగి పొయ్యి ఆరిపోయింది. గురువారం. పెద్దమ్మ గోడతో చెప్పుకున్న గురువారం. ఒక్కొక్కటే వెనక్కి వెళ్ళింది, నలభై నాలుగు వేల ఆరువందల అరవై రెండు, యాభై అయిదు, నలభై ఎనిమిది, గురువారం, గురువారం, గురువారం. కొలత ఉన్న గురువారాలు డెబ్భై నాలుగు. డెబ్భై మూడింటిలో నక్షత్రం వెలిగింది. ఆఖరిదాంట్లో వెలగలేదు.

తోరా, కొజ్జీకా. సిమెంటు దుమ్ము కిటికీ అద్దం మీద సన్నగా కూర్చుంటోంది. తర్వాత మాసరా. మాసరా స్టేషన్ బయట, కోళ్ళ దుకాణం సందులో, బషందీ బాబాయి ఇల్లు. పోయిన వారం ఇక్కడే దిగింది. బషందీ వేధశాలలో గుమ్మటం తిప్పేవాడు, తాళాలు వేసేవాడు, టీ పెట్టేవాడు, నాన్నకంటే నాలుగేళ్ళు చిన్న. కొండ మీద దూరదర్శినికి వరస వచ్చినవాడు ఒక్క రాత్రి దిగినా ఆ వరస పక్కవాడికి పోతుంది, అదీ అక్కడి నియమం. అందుకని గురువారం రాత్రులు బషందీ కొలిచేవాడు, నాన్న శనివారం ఆ అంకెల్ని తన చేతిరాతతో పుస్తకంలోకి ఎక్కించుకునేవాడు, తనే చూసినట్టు. ఆ సంగతి ఈ భూమ్మీద ఇద్దరికే తెలుసు, ఇప్పుడు ముగ్గురికి.

"నక్షత్రం వెలుగుని కాగితం మీద గీసే యంత్రంలో పెన్ను గీత వణికేది కదమ్మా, కాగితం మీద వేలెడు లావుండేది," అన్నాడు బషందీ, టీలో నాలుగో చెంచా చక్కెర వేసుకుంటూ. భార్య గిన్నె లాక్కుపోయింది. "మీ నాన్నగారు గీత మధ్యకి చూసి అంకె వేసేవారు. నేను పై అంచు చూసేవాణ్ణి."

"ఎందుకు బాబాయ్?"

"ఎందుకేంటి సుహైరమ్మా! పాపం అది అంత దూరంనించి అంత వెలుగు పంపిస్తే, సగానికి కోసెయ్యడానికి మనమెవరం? మా నాన్న ఊళ్ళో ధాన్యం కొలిచేవాడు. కుంచం నిండాక పైన గోపురం కట్టేదాకా పోసేవాడు. తక్కువ కొలిచే చెయ్యి కాదు మాది."

"మరి పక్కన పోల్చుకునే నక్షత్రం? దానికీ అలాగే పై అంచు చూశావా?"

"దానికెందుకు?" ముసలాయన ఆశ్చర్యపోయాడు. "అది మనది కాదుగా!"

నవ్వాలో ఏడవాలో తెలియలేదు, వాళ్ళ చాప మీద కూర్చుని ఆ రెండూ ఒకేసారి చేసింది. బషందీ భార్య భయపడి నీళ్ళు తెచ్చింది. రెంటికీ పై అంచే చూసి ఉంటే తేడా వచ్చేదే కాదు. డెబ్భై మూడు గురువారాలు ఒక మంచి మనిషి చేతిగుణానికి ఒక నక్షత్రం వెలిగింది. అమ్మ పోయాక నాన్న గురువారాలు దిగడం మానేశాడు, దిగి ఎవరి దగ్గరికి వెళ్ళాలి. బషందీ మళ్ళీ ఎప్పుడూ కొలవలేదు. నక్షత్రం ఆగిపోయింది.

ఇంతవరకైతే చెప్పెయ్యొచ్చు. ఇంతవరకు చెబితే ఆయనకి కష్టంగానే ఉంటుంది, కాని తట్టుకుంటాడు. ఎలా చెప్పాలో తెలియనిది ఆ ఆఖరి గురువారమే. నాన్న లెక్క ప్రకారం వారానికి పావుగంట చొప్పున ముందుకి జరుగుతూ ఆ వెలుగు ఎప్పుడో బుధవారానికి రావాలి, ఆయన కళ్ళపడాలి. రెండేళ్ళు ఎదురుచూశాడు, రాలేదు. ఆ వెలుగు శిఖరాన్ని ఒక్కసారైనా తన చేత్తో కొలవకుండా వ్యాసం ఎలా రాస్తాడు? అమ్మే ఉండిపొమ్మంది, అంతకుముందు గురువారం గోడ అవతలనుంచి సుహైర్ విన్నది, "ఈ గురువారం రాకు. నీ రెండో పెళ్ళాం వెలిగే రాత్రట కదా, దగ్గరుండి చూసుకో. చూసొచ్చి నాకు చెబుదువుగాని." ఆయన ఉండిపోయాడు. గీత మధ్యకి చూశాడు, ఎప్పటిలాగే. వెలుగు లేదు. తెల్లవార్లూ చూశాడు. ఈ నలభై నాలుగేళ్ళూ ఆయనని నిలబెట్టింది ఒక్కటే, ఆ రాత్రి తను అక్కడ ఉండకపోతే అది ఆగిపోవడం ఎవరూ చూసి ఉండేవాళ్ళు కాదని. పెద్దమ్మ ఎన్ని అన్నా తల వంచుకుని తిన్నది ఆ బలంతోనే. ఇప్పుడు సుహైర్ వెళ్ళి చెప్పాలి. ఏం చూడటానికి ఉండిపోయావో అది నువ్వు ఉండిపోతే ఉండదు నాన్నా, అది నువ్వు ఇంటికి రావడమే, అని.

మరి ఆయనకి తెలియదా? దూరదర్శిని గొట్టాన్ని మూడుసార్లు సరిచూసుకోనిదే ఒక్క అంకె వెయ్యని మనిషి. నేను లేనప్పుడే వెలుగుతోంది అని నోటితో అన్న మనిషి. వెన్న కాగితం మీద వక్రాలు గీసి ఒకదాని మీద ఒకటి జరుపుతూ వారాలు గడిపిన మనిషి. తెలియకపోవడానికి వీల్లేదు, తెలిసి ఉండటానికీ వీల్లేదు. ఆ అంకెని తేదీ చెయ్యడానికి తనకే ఈ వయసు దాకా బుద్ధి పుట్టలేదు, అమ్మ పోయిన తేదీ ఏటేటా తనకి తెలిసినా, ఆ అంకె తనకి బడి రోజులనుంచి కంఠతా ఉన్నా. రెండూ పక్కపక్కన ఉన్న గదుల్లో కాపురం ఉన్నాయి, మధ్య తలుపు తను తియ్యలేదు. ఎందుకు తియ్యలేదు అంటే, అమ్మ కోసం ఏదో ఒకటి ఆగిపోయి ఉండాలి కదా.

"ముఖం అలా పెట్టావేంటి తల్లీ? ఇంట్లో ఎవరికైనా బాగోలేదా?" ఆఖరి కాయ తొలవడం అయింది, పక్కావిడ గిన్నె తీసుకుంటూ అడిగింది.

"మా నాన్నకి ఒక మాట చెప్పాలండీ."

"మంచిదేనా?"

"కాదు."

ఆవిడ తువ్వాలు దులిపి మడత పెట్టింది. "తినేదాకా చెప్పకు. ఖాళీ కడుపున వింటే ముసలివాళ్ళు ఆ పూట మెతుకు ముట్టరు." వాదీ హోఫ్‌లో దిగిపోతూ మళ్ళీ వెనక్కి తిరిగి, "అయినా నీకు చెప్పాలని ఉందా, చెప్పాల్సి వచ్చిందా?" అంది. జవాబు వినకుండానే తలుపులు మూసుకున్నాయి.

హెల్వాన్‌లో మూడో అంతస్తు మెట్లెక్కేసరికి సుహైర్‌కి ఆయాసం వచ్చింది. నాన్న తలుపు తీసే ఉంచాడు. బల్లమీద ఆదివారం మాట్లాడవలసిన ముక్కలు, అట్టల మీద పెద్ద పెద్ద అక్షరాలతో. కుర్చీ వీపుకి టైలు రెండు, నీలందీ గోధుమరంగుదీ. "ఏది కట్టుకోమంటావు?" అన్నాడు. నీలందన్నది. పప్పుచారు వెచ్చబెట్టింది, నిమ్మకాయ పిండింది, రొట్టె తుంచి పక్కన పెట్టింది, ఆయన తిన్నంతసేపూ ఎదురుగా కూర్చుంది. నాన్న హిల్మీగారి పెద్ద పెద్ద చేతులు ఇప్పుడు చెంచా పట్టుకుంటే వణుకుతున్నాయి, ఆ వణుకులో కూడా చెంచా మధ్యగా, నిండుగా, చుక్క ఒలక్కుండా నోటికి చేరుతోంది.

"ఇంతకీ మీ పిల్ల పద్ధతుల్లో ఏది గెలిచింది?" గిన్నె పక్కకి జరిపి అడిగాడు.

"మడతలు."

"చెప్పానా! నా వెన్న కాగితాలు కూడా అదే." సంతోషంగా వెనక్కి ఆనుకున్నాడు. "నా నక్షత్రం తట్టుకుందా మరి?"

"నాన్నా, గురువారాలు బషందీ బాబాయి కొలిచేవాడు కదా."

ఆయన బల్లమీది రొట్టె ముక్కల్ని చిటికెనవేలితో ఒక దగ్గరికి చేరుస్తూ, "వాడి దగ్గరికి వెళ్ళావా?" అన్నాడు.

"వెళ్ళాను."

"బాగున్నాడా?"

"బాగున్నాడు. ఇంకా నాలుగు చెంచాల చక్కెర వేసుకుంటున్నాడు." తర్వాత ఎలా చెప్పిందో తనకే తెలియదు, గీత మధ్య అనీ, పై అంచు అనీ, పోల్చుకునే నక్షత్రం మనది కాదుగా అన్నాడనీ. ఆ మాటకి నాన్న పెదవులు నవ్వబోయి ఆగిపోయాయి. ఆయన చెయ్యి పట్టుకుంది. "ఏడు రోజులకోసారి అది వెలగలేదు నాన్నా. ఏడు రోజులకోసారి నువ్వు ఇంటికొచ్చావు. ఏ పద్ధతి పెట్టి చూసినా కనిపిస్తున్నది అదే. డెబ్భై మూడు సార్లు. ఒక్కటి కూడా తప్పలేదు."

కింద వీధిలో గ్యాసు బండివాడు ఇనుప సిలిండర్ మీద రెంచితో కొట్టుకుంటూ వెళ్ళాడు. ఆ చప్పుడు పూర్తిగా మలుపు తిరిగేదాకా హిల్మీ తన అట్టముక్కల్ని ఒక దొంతిగా పేర్చి, అంచులు సరిచేసి, బోర్లించాడు.

"అయితే ఆ ఆఖరి గురువారం..."

"ఆ రాత్రి మబ్బు నాన్నా," అంది సుహైర్, ఆయన్ని పూర్తి చెయ్యనివ్వకుండా. తను ముప్ఫై ఏళ్ళ కొలువులో ఒక్క కొలత కూడా పారెయ్యని మనిషి. "ఆ కొలత నమ్మేట్టు లేదు. లెక్కలోంచి తీసేశాం."

ఆయన ఆమె ముఖంలోకి చూశాడు, కోపంగా కాదు, ఎప్పుడో చిన్నప్పుడు ఆమె కూడికలో తప్పు చేస్తే తనే చూసుకునేదాకా ఊరుకుని చూసినట్టు.

"మబ్బు లేదమ్మా," అన్నాడు. "ఆ చలికాలం మొత్తానికి అంత తేటగా ఉన్న రాత్రి అదొక్కటే."